ప్లానార్ ట్వీటర్ రెస్పాన్స్ కొలవాలి, పొర పోకుండా ఎలాగ?

నాగావళి_ఒడ్డు
బొబ్బిలి వీణ రికార్డింగులు ఇంట్లో తృప్తిగా వినాలని బాక్సులు కట్టుకుంటున్నాను, కింద లోతు శబ్దాలకి ఆరంగుళాల వూఫర్, పైన సన్న శబ్దాలకి ప్లానార్ ట్వీటర్, అంటే కాయిల్ బదులు పలచటి పొర మోగే రకం. ట్వీటర్ల జత ఆన్‌లైన్‌లో తెప్పించాను, 4 ఓంలు, కంపెనీ పేరు కూడా లేదు, పెట్టెలో పెట్టిన కాయితం మీద రెస్పాన్స్ గ్రాఫ్ (ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత శబ్దం వస్తుందో చూపేది) మాత్రం 2 కిలోహెర్ట్జ్ నుంచి 30 దాకా స్కేలు పెట్టి గీసేసినట్టు తిన్నగా ఉంది. ఏ స్పీకర్‌కీ అలాంటి గ్రాఫ్ రాదు. అందుకే నేనే కొలుచుకోవాలనుకున్నాను.

ఈలోగా ఒకటి పోయింది. వైర్లకి టంకం పెట్టించుకుందామని శ్రీకాకుళంలో ఒక రిపేరు షాపుకి ఇస్తే, ఆయన వూఫర్లని చూసినట్టే 12 ఓల్టుల సప్లై తగిలించి టక్‌మంటుందా లేదా అని చూశాడు. టక్‌మంది, సన్నగా పొగ కూడా వచ్చింది, ఇప్పుడు మీటర్ పెడితే ఓపెన్. అడిగితే ఇంత పలచటి సరుకు కొంటే ఇంతే బాబూ అని నాకే క్లాసు పీకాడు. చాలా బాధేసింది.

ఇంక మిగిలినదాన్ని ముట్టుకోడానికి చెయ్యి రావట్లేదు. నా దగ్గర యూమిక్-1 అనే కొలత మైకు ఉంది, ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. యాంప్లు రెండున్నాయి, ఒకటి 5200-1943 ట్రాన్సిస్టర్ల బోర్డుతో కట్టించింది, ఇంకోటి చిన్న టీపీఏ3116 చిప్ బోర్డు. ఏ యాంప్ వాడాలి, స్వీప్ (కింది నుంచి పైకి జారే టెస్టు కూత) ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి, సౌండ్ ఎంత పెట్టాలి? స్వీప్‌కే కాలిపోయే ప్రమాదం ఉందా?

రాజాం_సోల్డర్
5200 బోర్డుకి మాత్రం డైరెక్టుగా తగిలించొద్దు. మిగతాది ఓం మీటరు మాస్టారు వచ్చి చెప్తారు, ఆయన వచ్చేదాకా ఆగండి.

జీడిపప్పు_పలాస
12 ఓల్టులు 4 ఓంలకి అంటే 3 యాంపియర్లు, 36 వాట్ల డీసీ. టక్‌మనకుండా ఏం చేస్తాది పాపం.

సిరిమాను_సౌండ్స్
ఇంత భయం ఏటండి. మా విజయనగరంలో పైడితల్లమ్మ జాతరకి మేం సెట్లు కడతాం, హెచ్‌ఎఫ్ డ్రైవర్లకి, అంటే సన్న శబ్దాల స్పీకర్లకి, సిరీస్‌లో ఒక 12 ఓల్టుల బండి ఇండికేటర్ బల్బు పెట్టేస్తే చాలు, ఎక్కువ కరెంటు వస్తే బల్బు వెలుగుద్ది, డ్రైవర్ బతుకుద్ది. మీరూ అదే పెట్టండి, స్వీపు వేసేయండి.

ఓం_మీటరు
సిరిమాను అన్న చెప్పిన బల్బు మంచి పద్ధతే, పెద్ద కంపెనీలు కూడా సభలకి వాడే పీఏ బాక్సుల లోపల బల్బులు పెట్టి అమ్మాయి. కానీ అది పాట వాయించేటప్పటి రక్షణ. కొలతకి అడ్డం వస్తుంది, ఎందుకంటే 12 ఓల్టుల 10 వాట్ల బల్బు బాగా వెలిగినప్పుడు 14 ఓంల పైన ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతే. అంటే లెవెల్‌ని బట్టి దాని ఓంలు మారిపోతాయి, ట్వీటర్‌కి చేరే వోల్టేజి మారిపోతుంది, గ్రాఫ్‌లో కనిపించేది ట్వీటరా బల్బా అన్నది తేల్చలేం.

అసలు ఈ ట్వీటర్ ఎందుకు పోతుందో చూడండి. మామూలు డోమ్ ట్వీటర్‌లో కాయిల్ ఒక ఫార్మర్ మీద చుట్టి ఉంటుంది, చుట్టూ అయస్కాంతం, ఇనప పోలు ఉంటాయి, వేడి వాటిలోకి పోతుంది. ప్లానార్‌లో కాయిలే లేదు. తల వెంట్రుక కంటే పలచటి ప్లాస్టిక్ ఫిల్ము మీద అల్యూమినియం గీతలు పాము మెలికల్లా అచ్చుపోసి, ఆ ఫిల్ముని చట్రంలో బిగించి, ముందూ వెనకా నియోడిమియం బద్దలు పెడతారు. గీతల్లో పుట్టిన వేడి పోవడానికి ఉన్న దారల్లా గాలే. అందుకే డీసీ పడగానే పోతుంది.

రెండోది కదలిక. ఒకే శబ్దం రావాలంటే ఫ్రీక్వెన్సీ సగమయ్యేసరికి పొర నాలుగు రెట్లు కదలాలి. 2 కిలోహెర్ట్జ్‌లో వచ్చే శబ్దాన్నే 200 హెర్ట్జ్‌లో రాబట్టాలంటే వంద రెట్లు. పొరకీ అయస్కాంతానికీ మధ్య ఉన్న సందు చాలా తక్కువ, అంత కదిలిస్తే పోయి తగులుతుంది, సాగుతుంది, ముడత పడుతుంది. కాలకపోయినా ఆ తర్వాత జన్మంతా జుర్రుమంటూనే ఉంటుంది.

కాబట్టి స్వీప్ వల్ల ప్రమాదం తక్కువే, స్వీప్‌కి ముందూ వెనకా జరిగేవాటి వల్లే ఎక్కువ. యాంప్ ఆన్ చేసినప్పటి ధబ్బు, డీసీ లీకేజి, 20 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే డిఫాల్ట్ సెట్టింగు, ల్యాప్‌టాప్ నుంచి ఫుల్ సౌండ్‌లో వచ్చే టింగ్. ముందు సిరీస్‌లో కెపాసిటర్ ఒకటి పెట్టండి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

నాగావళి_ఒడ్డు
ఎంత కెపాసిటర్ మాస్టారూ? ఫిల్ము కెపాసిటర్లు పెద్ద విలువలో ఇక్కడ దొరకట్లేదు, ఆన్‌లైన్‌లో ట్వీటర్ కంటే వాటికే ఎక్కువ రేటు ఉంది.

వైండింగ్_బాబాయ్
ఎందుకు దొరకవు బాబూ. మాది నరసన్నపేటలో మోటారు వైండింగు. సబ్‌మెర్సిబుల్ మోటార్ పేనల్లో రన్నింగ్ కండెన్సర్, అంటే నువ్వనే కెపాసిటరే, ఉంటాది చూడు, 36 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్), 440 ఓల్టులు, తెల్ల డబ్బాలోనో అల్యూమినియం డబ్బాలోనో వొస్తాది. అది పాలీప్రొపిలీన్ ఫిల్మే. నువ్వు ఆన్‌లైన్‌లో చూసిందీ అదే సరుకు, దానికి సోకు ఎక్కువ అంతే. ఏ ఊర్లోనైనా మోటార్ల షాపులో అడుగు, ఇస్తారు.

రెండు మాటలు గుర్తెట్టుకో. నల్ల డబ్బాలో వొచ్చేది స్టార్టింగ్ కండెన్సర్, 80-100, 100-120 అని రాసుంటాది, అది ఎలక్ట్రోలైటిక్, అది వొద్దు. పాత పేనల్లోంచి పీకింది తెచ్చుకుంటే దాన్లో చార్జి నిలిచి ఉంటాది, ఒక రెసిస్టెన్స్ అడ్డం పెట్టి రెండు పిన్నుల మధ్య దింపెయ్, స్క్రూడ్రైవర్‌తో కొట్టకు. కొత్తదే కొనుక్కో, పీకిన కండెన్సర్లలో సగం విలువ పడిపోయినవే ఉంటాయి.

జీడిపప్పు_పలాస
బోరు మోటారు కండెన్సర్ మీద వీణ కచేరీ 😄 బాబాయ్‌కి టికెట్ ఫ్రీ ఇవ్వాల

ఓం_మీటరు
బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. లెక్క చూడండి. 4 ఓంలకి 36 మైక్రోఫారడ్ పెడితే కట్, అంటే కింది శబ్దాలు తగ్గడం మొదలయ్యే చోటు, దాదాపు 1100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. డీసీ పూర్తిగా ఆగిపోతుంది. 50 హెర్ట్జ్ హమ్ ఉంటే 27 డెసిబెల్ తగ్గుతుంది, అంటే వోల్టేజిలో 22వ వంతే ట్వీటర్‌కి చేరుతుంది.

మూడులాంతర్లు
ఒక డౌటు. కెపాసిటర్ పెట్టి కొలిస్తే గ్రాఫ్‌లో కెపాసిటర్ కూడా కలిసిపోతుంది కదా? బల్బుకి చెప్పిన అభ్యంతరమే దీనికీ వర్తిస్తుంది మాస్టారూ.

ఓం_మీటరు
కలుస్తుంది, కానీ బల్బులా మారదు. ఎంత కలిసిందో ముందే లెక్కగట్టి తీసెయ్యొచ్చు. ఇక్కడ ప్లానార్ మనకి ఒక మేలు చేస్తుంది, దాని ఇంపీడెన్స్ (ఏసీకి చూపించే అడ్డంకి) దాదాపు శుద్ధ రెసిస్టెన్సే, డోమ్‌లో లాగ రెజొనెన్స్ (తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ) దగ్గర గుట్ట ఉండదు, పైన ఇండక్టెన్స్ వల్ల లేవడమూ ఉండదు. అందుకని ఫార్ములా నేరుగా పనిచేస్తుంది. 1.1 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్ తగ్గుతుంది, 2.2 దగ్గర 1 డెసిబెల్, 4.4 దగ్గర పావు డెసిబెల్, అక్కణ్ణుంచి పైన లెక్కలోకి రాదు. ఆ మూడు అంకెలు గ్రాఫ్‌కి కలిపి చదువుకోవడమే. అదీ వద్దనుకుంటే రెండు కండెన్సర్లు పేరలల్‌లో పెడితే కట్ 550కి దిగిపోతుంది.

సిరిమాను_సౌండ్స్
సరే బల్బు వొద్దు, ఫ్యూజు పెట్టొచ్చు కదా. హాఫ్ యాంపు ఫ్యూజు.

ఓం_మీటరు
పెట్టొచ్చు అన్నా. అర యాంపియర్ అంటే 4 ఓంలకి ఒక వాటు, కొలతకి అంతకంటే చాలా తక్కువ చాలు. అమెరికాలో మాగ్నెపాన్ అని జిమ్ వైనీ 1969లో పెట్టిన కంపెనీ ఉంది, మొత్తం ప్లానార్ స్పీకర్లే చేస్తారు, వాళ్ళు చాలా మోడళ్ళలో ట్వీటర్‌కి ఫ్యూజు పెట్టే పంపారు. కాకపోతే ఫ్యూజు కాలడానికి టైము పడుతుంది, నిదానంగా వేడెక్కే ప్రమాదం నుంచి కాపాడుతుంది గానీ ఒక్కసారిగా వచ్చే ధబ్బుని ఆపలేదు. కండెన్సర్ తప్పనిసరి, ఫ్యూజు అదనం.

రాజాం_సోల్డర్
ధబ్బు విషయంలో కండెన్సర్‌ని కూడా పూర్తిగా నమ్మొద్దు. మెల్లగా లేచే ధబ్బు ఆగుతుంది, కానీ ±40 ఓల్టుల బోర్డు ఆన్‌లో ఒక్కసారి రెయిల్‌కి, అంటే మొత్తం సప్లై వోల్టేజికి, ఎగిరితే ఆ అంచు కండెన్సర్‌లోంచి సన్న పల్స్‌లా దూరి వచ్చేస్తుంది. ట్వీటర్‌కి సిరీస్‌లో ఒక స్విచ్ పెట్టండి, ఇంట్లో బోర్డుకి పెట్టే 6 యాంపుల స్విచ్చే. యాంప్ ఆన్ చేసి, సౌండ్ జీరోలో పెట్టి, ఓ అర నిమిషం ఆగి అప్పుడు స్విచ్ వెయ్యండి. ఆపేటప్పుడు ముందు ఆ స్విచ్, తర్వాత యాంప్. యాంప్ నడుస్తుండగా మొసలి క్లిప్పులు పట్టుకుని తిప్పలు పడితే అవి రెండూ తగులుకుని యాంపే పోతుంది.

మన వైపు కరెంటు సంగతి తెలిసిందే, స్వీప్ మధ్యలో పోయి మళ్ళీ వస్తుంది, అప్పుడు యాంప్ తనంతట తనే ఆన్ అవుతుంది. కరెంటు పోగానే ట్వీటర్ స్విచ్ తియ్యడం అలవాటు చేసుకోండి.

నాగావళి_ఒడ్డు
5200 బోర్డు అవుట్‌పుట్‌లో స్పీకర్ లేకుండా డీసీ చూశాను. ఆన్ చెయ్యగానే మీటరు 3 ఓల్టుల దాకా ఎగిరి నిదానంగా దిగింది, ఆఖరికి 70 మిల్లీవోల్టుల దగ్గర ఊగుతా ఉంది. టీపీఏ బోర్డు 24 ఓల్టుల అడాప్టర్ మీద, రెండు అవుట్‌పుట్ల మధ్య 10 మిల్లీవోల్టుల లోపే.

ఓం_మీటరు
టీపీఏ వాడండి. కొలతకి అర వాటు కూడా అక్కర్లేదు, 5200 బోర్డు వూఫర్‌కి ఉంచుకోండి.

తంత్రి_బొబ్బిలి
టీపీఏ అంటే ఒక జాగ్రత్త ఎవరూ చెప్పలేదు. దాని అవుట్‌పుట్ బ్రిడ్జి. ప్లస్సూ మైనస్సూ రెండూ భూమికి సగం సప్లై ఎత్తులో ఉంటాయి, 24 ఓల్టులిస్తే రెండూ 12 దగ్గర. మీకు రెండు టెర్మినళ్ళ మధ్య డీసీ కనిపించదు, కానీ మైనస్ నుంచి గ్రౌండ్‌కి చూస్తే 12 ఉంటుంది. ఇంపీడెన్స్ కొలుద్దామనో, లూప్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని తిరిగి సౌండ్‌కార్డుకే ఇచ్చే వైరు) కోసమనో ఆ మైనస్‌ని సౌండ్‌కార్డు గ్రౌండ్‌కి కలిపారంటే బోర్డు అక్కడికక్కడే షార్టు, సౌండ్‌కార్డు కూడా పోవచ్చు. యూఎస్‌బీ మైకు కాబట్టి మీకు ఆ వైరు అవసరమే లేదు. టైమింగ్ కావాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్‌లో అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ ఉంది, రెండో చానల్‌కి ఇంకో స్పీకర్ పెట్టి దాని కూతని టైముగా వాడుకుంటుంది.

మూడులాంతర్లు
నాదగ్గరున్నది నిజం రిబ్బన్, ప్లానార్ కాదు. లోపల ఒకటే అల్యూమినియం రేకు, వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. మీటర్ పెడితే అర ఓం లోపే చూపిస్తుంది. షార్ట్ అయిపోయినట్టా?

ఓం_మీటరు
షార్ట్ కాదు, మీరు చూస్తున్నది ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగ. రేకు రెసిస్టెన్స్ మరీ తక్కువ కాబట్టి యాంప్‌కి సరిపడేలా ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచుతారు, డీసీలో ఆ పెంపు కనిపించదు. మీకు కండెన్సర్ ఇంకా ముఖ్యం, లో ఫ్రీక్వెన్సీలో ఆ ప్రైమరీ యాంప్‌కి దాదాపు షార్టే. ఇంకొకటి, రేకు ముందు నోటితో ఊదొద్దు, దుమ్ము దులపడానికి బ్లోయర్ అసలు పెట్టొద్దు. గాలికే సాగిపోతుంది.

కళింగపట్నం_గాలి
దుమ్ము మాటొచ్చింది కాబట్టి మా సముద్రం వైపువాళ్ళకి ఒక మాట. మా బీచ్ ఇసుకలో నల్ల ఇసుక కలిసి ఉంటుంది, ఇల్మెనైట్, గార్నెట్ అవీ. అయస్కాంతం ఇసుకలో తిప్పితే నల్లగా మీసాల్లా అంటుకుని వస్తుంది, చిన్నప్పుడు ఆడుకునేవాళ్ళం. ఇది చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది, కిటికీలోంచి గాలికి వస్తుంది. ప్లానార్ ముందు జల్లెడలాంటి సందులు, వెనక నియోడిమియం. ఆ రవ్వలు లోపలికి దూరి పొర మీద వాలితే చిటపటలాడతాయి, బయటికి రావు. వాడనప్పుడు ముందు వైపు మాస్కింగ్ టేపు అంటించి గుడ్డ సంచిలో పెడతాను. మేడ మీద కొలిచేవాళ్ళు నేల తుడిచి, చాప పరిచి కొలవండి. స్క్రూలు బిగించేటప్పుడు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో వాడండి, ఇనప స్క్రూడ్రైవర్‌ని ఆ అయస్కాంతం లాక్కుంటే తిన్నగా వెళ్ళి పొరలో దిగుతుంది.

జీడిపప్పు_పలాస
వెల్డింగు షాపు పక్కన ఉన్నోళ్ళకీ అదే. ఇనప రజను.

నాగావళి_ఒడ్డు
చాలా పనికొచ్చే మాట, టేపు ఇప్పుడే అంటించాను. కండెన్సర్ కూడా దొరికింది, 36. ఇప్పుడు లెవెల్ ఎలా సెట్ చెయ్యాలి? అందరూ 2.83 ఓల్టులు అంటారు.

తంత్రి_బొబ్బిలి
2.83 అంటే 8 ఓంలకి ఒక వాటు. మీ 4 ఓంలకి అది 2 వాట్లు. అంత అక్కర్లేదు, అర ఓల్టుతో మొదలుపెట్టండి. అర ఓల్టు అంటే 4 ఓంల మీద 62 మిల్లీవాట్లు. మీ ట్వీటర్ 2.83కి 92 డెసిబెల్ ఇస్తుందనుకుంటే అర ఓల్టుకి 15 తగ్గి 77 వస్తుంది, ఫ్యాను ఆపిన గదిలో అది ధారాళంగా సరిపోతుంది.

సెట్ చేసేటప్పుడు ట్వీటర్, కండెన్సర్ రెండూ తీసెయ్యండి. వాటి బదులు 4.7 ఓంలు 10 వాట్ల తెల్ల సిరామిక్ రెసిస్టర్ పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి 200 హెర్ట్జ్ టోన్ వేసి, మీటరు ఏసీలో పెట్టి, అర ఓల్టు వచ్చేదాకా సౌండ్ తిప్పి, నాబ్ మీద గుర్తు పెట్టండి. 200 ఎందుకంటే మామూలు మీటర్లు నాలుగైదు వందల హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి, 5 కిలోహెర్ట్జ్ టోన్ వేసి మీటరు తక్కువ చూపిస్తోందని సౌండ్ పెంచుకుంటూ పోతే మీకు తెలీకుండానే వాట్లు ఎక్కేస్తాయి. గుర్తు పెట్టాక టోన్ ఆపేసి, అప్పుడు కండెన్సర్, ట్వీటర్.

రాజాం_సోల్డర్
విండోస్ సౌండ్లన్నీ నో సౌండ్స్‌లో పెట్టండి. వాట్సాప్ వెబ్ మూసెయ్యండి. బ్రౌజర్ కూడా.

సిరిమాను_సౌండ్స్
అర ఓల్టు చాలకపోతే? నాయిస్‌లో కలిసిపోద్ది కదా, అప్పుడు పెంచాల్సిందే కదా.

ఓం_మీటరు
పెంచక్కర్లేదు అన్నా, స్వీప్‌ని పొడుగు చెయ్యాలి. పొడుగు రెట్టింపు చేస్తే నాయిస్ నుంచి 3 డెసిబెల్ లాభం, ట్వీటర్ మీద వోల్టేజి మాత్రం అంతే ఉంటుంది. ఇప్పుడు వాడే లాగ్ స్వీప్ పద్ధతిని ఇటలీ ప్రొఫెసర్ ఏంజెలో ఫరీనా 2000లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీలో చూపించారు, దీంట్లో ఇంకో సుఖం ఏమిటంటే హార్మోనిక్ డిస్టార్షన్ (స్పీకర్ తనంతట కలిపే అదనపు స్వరాలు) అసలు రెస్పాన్స్‌లో కలవకుండా విడిగా వచ్చేస్తుంది. స్వీప్ 1 కిలోహెర్ట్జ్ నుంచి 20 దాకా పెట్టండి, 256కే శాంపిళ్ళ పొడుగు. కింద ఏముందో చూడాలన్న సరదా వద్దు, అక్కడ వూఫర్ పాడుతుంది.

మూడులాంతర్లు
ఎక్కడ కొలవాలి? గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఉంటుంది. మేడ మీదే బెస్ట్.

కళింగపట్నం_గాలి
మేడ మీద గాలి! మా దగ్గర మధ్యాహ్నం దాటితే సముద్రం గాలికి మైకు బుస్సుమంటుంది, పైన ఫ్రీక్వెన్సీలు స్వీప్ స్వీప్‌కీ ఊగుతాయి. తెల్లారుజామున అయితే పర్లేదు, కానీ అప్పుడు కాకులు.

ఓం_మీటరు
ట్వీటర్‌కి గది చాలు. ట్వీటరూ మైకూ నేల నుంచి మీటరు ఎత్తులో, రెంటికీ మధ్య మీటరు దూరం పెడితే, నేలకి తగిలి వచ్చే శబ్దం 1.24 మీటర్లు ఎక్కువ నడుస్తుంది, అంటే మూడున్నర మిల్లీసెకన్లు ఆలస్యం. ఇంపల్స్ గ్రాఫ్‌లో (శబ్దం ఎప్పుడెప్పుడు చేరిందో చూపేది) ఆ దెబ్బ విడిగా కనిపిస్తుంది, దానికి ముందే విండో, అంటే లెక్కలోకి తీసుకునే సమయం, కట్ చేసెయ్యండి. మూడున్నర మిల్లీసెకన్ల విండోకి దాదాపు 280 హెర్ట్జ్ పైన అంతా నమ్మొచ్చు, మీకు కావాల్సింది 1500 పైన. గోడలూ అల్మరాలూ మీటరుంబావు లోపల లేకుండా గది మధ్యలో పెట్టుకోండి. నేల మీద పరుపు వేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది.

ట్వీటర్‌ని చేత్తో పట్టుకునో స్టూలు మీద నిలబెట్టో కొలవొద్దు, బాక్సు ముందు చెక్కంత వెడల్పు ప్లైవుడ్‌లో బిగించి కొలవండి.

సిరిమాను_సౌండ్స్
ఫోన్‌లో యాప్ ఉంది కదా, దానికింత తతంగం ఎందుకు. మేం ఫంక్షన్ హాళ్ళలో ఫోన్‌తోనే చూసుకుంటాం.

తంత్రి_బొబ్బిలి
హాల్లో ఎక్కడ కూతపెడుతోందో పట్టుకోడానికి ఫోన్ బాగానే పనికొస్తుంది. ట్వీటర్‌లో 10 కిలోహెర్ట్జ్ పైన ఒకటి రెండు డెసిబెల్ తేడా చూడాలంటే ఫోన్ మైకు ముందున్న చిన్న బెజ్జమే దానికంటే ఎక్కువ తేడా తెస్తుంది. యూమిక్-1కి సీరియల్ నంబరుతో కాలిబ్రేషన్ ఫైలు వస్తుంది, రెండు రకాలు, 0 డిగ్రీలు, 90 డిగ్రీలు. ఇక్కడ మైకు ముక్కు ట్వీటర్ వైపే చూస్తుంది కాబట్టి 0 ఫైలు వేసుకోవాలి. 90ది గదిలో మైకుని సీలింగ్ వైపు తిప్పి కొలిచేటప్పటిది.

నాగావళి_ఒడ్డు
కొలిచాను!! ట్వీటర్ క్షేమం. మాస్టారు చెప్పినట్టు 1 నుంచి 20, అర ఓల్టు, కండెన్సర్, స్విచ్, అన్నీ. మొదటి స్వీప్ అప్పుడు స్విచ్ మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను.

గ్రాఫ్ ఇలా ఉంది. 2.5 నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా అటూ ఇటూ 2 డెసిబెల్. మధ్యలో 5-7 దగ్గర చిన్న అలలు. 12 దగ్గర 4 డెసిబెల్ గుట్ట. 17 తర్వాత జారిపోతోంది. పెట్టెలో కాయితం మీద ఈ గుట్టే లేదు.

ఒకటి అర్థం కాలేదు. మైకుని దగ్గరగా, 10 సెంటీమీటర్లలో పెట్టి మళ్ళీ కొలిస్తే 15 పైన ఇంకా జారిపోయింది. దగ్గరకొస్తే ఇంకా బాగా రావాలి కదా?

ఓం_మీటరు
పొర పొడుగెంత?

నాగావళి_ఒడ్డు
నిలువునా 7 సెంటీమీటర్లు.

ఓం_మీటరు
అదీ సంగతి. 20 కిలోహెర్ట్జ్‌లో శబ్దం అల పొడుగు 1.7 సెంటీమీటర్లే. 10 సెంటీమీటర్ల దూరంలో పొర మధ్య నుంచి మైకుకి 10, పొర చివర నుంచి 10.6. ఆ 0.6 తేడా అంటే అలలో మూడో వంతు పైన. మధ్యలోంచి వచ్చిందీ చివర్నుంచి వచ్చిందీ ఒకదాన్నొకటి కొంత తినేస్తాయి. మీటరు దూరంలో ఆ తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి మీటరు గ్రాఫే నిజం, దగ్గర గ్రాఫ్ చెరిపెయ్యండి.

ఇదే కారణానికి మైకు ఎత్తు కూడా టేపు పెట్టి కొలవాలి. ఈ 7 సెంటీమీటర్ల పొరకి మీటరు దూరంలో మైకు 10 సెంటీమీటర్లు పైకి జరిగితే 20 కిలోహెర్ట్జ్ దగ్గర రెండున్నర డెసిబెల్ పోతుంది, పావు మీటరు జరిగితే అసలు వినపడదు. మీరు సోఫాలో కూర్చున్నప్పుడు చెవి ఎంత ఎత్తులో ఉంటుందో చూసుకుని బాక్సు స్టాండు చేయించుకోండి. పక్కలకి మాత్రం సన్నని పొర కాబట్టి బాగా పరుచుకుంటుంది.

తంత్రి_బొబ్బిలి
5-7 అలల గురించి, ట్వీటర్ చట్రం ప్లైవుడ్‌కి సమంగా ఉందా, పైకి ఉందా?

నాగావళి_ఒడ్డు
పైకే, 4 మిల్లీమీటర్లు ఉంటుంది.

తంత్రి_బొబ్బిలి
దళసరి అట్టముక్కలు పొరలు పొరలుగా కత్తిరించి చట్రం చుట్టూ సమం చేసి మళ్ళీ కొలవండి. ఆ అంచు దగ్గర శబ్దం విరిగి వస్తుంది.

నాగావళి_ఒడ్డు
చేశాను, అలలు సగం పైగా పోయాయి. 12 దగ్గర గుట్ట మాత్రం అలాగే ఉంది.

ఓం_మీటరు
అది ముందున్న అయస్కాంతాల సందుల వల్ల అయ్యుండొచ్చు, పొరకీ ముందు జల్లెడకీ మధ్య ఇరుక్కున్న గాలి అక్కడ మోగుతుంది. పక్కకి 15, 30 డిగ్రీలు తిప్పి చూడండి, అన్ని కోణాల్లోనూ అదే చోట ఉంటే ఒక చిన్న నాచ్ ఫిల్టర్‌తో (ఆ ఒక్క చోటే తగ్గించేది) దించొచ్చు. కోణంతో మారిపోతుంటే ముట్టుకోవద్దు. డిస్టార్షన్ గ్రాఫ్ ఎలా ఉంది?

నాగావళి_ఒడ్డు
3 కిలోహెర్ట్జ్ పైన ఏమీ లేదు. 2 కిందకి వెళ్ళేసరికి మూడో హార్మోనిక్ నిటారుగా లేచింది. పక్కలకి తిప్పి కూడా కొలిచాను, గుట్ట 30 డిగ్రీల్లో కూడా 12 దగ్గరే ఉంది.

ఓం_మీటరు
అయితే గుట్టకి నాచ్ పెట్టొచ్చు. క్రాస్ఓవర్ (వూఫర్‌కీ ట్వీటర్‌కీ శబ్దాలు పంచే ఫిల్టర్) 3 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆక్టేవుకి 24 డెసిబెల్. వీణకి మీకు కావలసిన మీటు శబ్దం, గోటి గరుకూ అన్నీ ఆ పైనే దొరుకుతాయి, పొరని కిందకి లాగి హింసపెట్టక్కర్లేదు.

సిరిమాను_సౌండ్స్
నాకూ ఒక జత చూడండి మాస్టారూ. డీజేకి కాదు, ఇంట్లోకి. ఇంత చదివాక వినాలనిపిస్తంది.

రాజాం_సోల్డర్
ఆ పోయిన ట్వీటర్ పారెయ్యకండి. గీత ఎక్కడ తెగిందో లెన్సు పెట్టి చూడండి, చాలాసార్లు పొర మధ్యలో కాకుండా టెర్మినల్ దగ్గర తెగుతుంది. అల్యూమినియంకి మామూలు టంకం అంటదు, వేడికి ఫిల్ము ముడుచుకుపోతుంది. సిల్వర్ కండక్టివ్ పెయింటు చుక్క పెడితే కలవొచ్చు.

నాగావళి_ఒడ్డు
చూశాను. టెర్మినల్ పక్కనే, రివిట్ దగ్గర నల్లగా వెంట్రుకంత గీటు ఉంది, మిగతా పొర మెరుస్తానే ఉంది. పెయింటు ఆర్డర్ పెడుతున్నాను. కలిస్తే మళ్ళీ అదే అర ఓల్టుతో కొలిచి, రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి వేసి ఇక్కడ పెడతాను, ఒకే బాక్సు జతకి రెండూ సరిపోతాయో లేదో తేలిపోతుంది.

మూడులాంతర్లు
మా తమ్ముడి దగ్గర 8 ఓంల ప్లానార్లు ఉన్నాయి. మా మోటారు షాపులో 36 అయిపోయింది, 25 ఉందంటున్నారు. సరిపోతుందా?

వైండింగ్_బాబాయ్
8 ఓంలు కదా, 25 పెడితే 800 దగ్గర కట్ అవుతాది. బేషుగ్గా సరిపోద్ది, తీసుకో.